ఆల్గారిథమ్స్ పుస్తకాన్ని పెన్ను పట్టుకుని చదవడం ఎలా

కోఠీలోనో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో ఒక సెకండ్ హ్యాండ్ ఆల్గారిథమ్స్ పుస్తకం తీసి తిరగేయండి. మొదటి యాభై అరవై పేజీలు పెన్సిల్ గీతలతో నలిగి ఉంటాయి. ఆ తర్వాతి పేజీలు షాపుకి అప్పుడే వచ్చినట్టు తెల్లగా ఉంటాయి. పాత ఓనరు తెలివితక్కువవాడేం కాదు. సోషల్ పాఠం చదివినట్టు వరసగా చదువుకుంటూ పోయాడు, రికరెన్సుల (తననే మళ్లీ పిలుచుకునే ఆల్గారిథమ్ ఖర్చును చెప్పే సమీకరణాల) దగ్గర ఆగిపోయాడు, అంతే.

ఈ సబ్జెక్టును మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎక్కువమంది ఎలా గట్టెక్కుతారో తెలిసిందే. మాన్యువల్లో ఉన్న ప్రోగ్రామ్‌ను రికార్డులోకి ఎక్కించడం, అవుట్‌పుట్ రాసి సంతకం పెట్టించుకోవడం, వైవాకి నాలుగు డెఫినిషన్లు బట్టీ పట్టడం. మార్కులు వస్తాయి. ఫైనలియర్‌లో ఇంటర్వ్యూకి వెళ్లి, లింక్డ్ లిస్టును రివర్స్ చెయ్యమంటే పెన్ను కదలదు. కోడ్ గుర్తుంది అనుకున్నారు గానీ, ఆ కోడ్ ఎందుకు పనిచేస్తుందో ఎవరూ అడగలేదు, వాళ్లూ అడగలేదు.

మంచి పుస్తకం ప్రతి ఆల్గారిథమ్ గురించీ మూడు సంగతులు చెబుతుంది. అది ఏం చేస్తుంది, ఎప్పుడైనా సరైన జవాబే ఇస్తుందని నమ్మకం ఏమిటి, ఎంత ఖర్చవుతుంది. మొదటిది యూట్యూబ్‌లో దొరుకుతుంది. మూడోది గూగుల్ చేస్తే ఒక్క లైనులో వస్తుంది. మధ్యలోదాని కోసమే పుస్తకం. అందరూ దాటేసేదీ అదే.

1. ఒక పుస్తకం, ఒక లాంగ్వేజ్

పుస్తకం ఎంచుకోవడానికి వారం రోజులు రివ్యూలు చదవకండి. ఇంటర్ లెక్కలంటే భయం లేనివాళ్లకు, కోర్మెన్ పుస్తకం అని అందరూ పిలిచే "ఇంట్రడక్షన్ టు ఆల్గారిథమ్స్" సరిపోతుంది. నలుగురు రచయితలది, 1990లో మొదటి ఎడిషన్, 2022లో నాలుగోది. దాదాపు 1,300 పేజీలు. ఆ లావు చూసి టెన్షన్ పడొద్దు, మొదటి రౌండులో అందులో సగం కూడా చదవరు. మూడో ఎడిషన్ సగం రేటుకు దొరికితే తీసుకోండి, మొదలుపెట్టేవాళ్లకు ఆ తేడా లెక్కలోది కాదు. లెక్కలు ఇబ్బంది అనుకుంటే మీ యూనివర్సిటీ సిలబస్‌లో చెప్పిన చిన్న పుస్తకంతో మొదలుపెట్టండి. ఏది తీసుకున్నా కింద చెప్పే పద్ధతి మారదు. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని, ఇందులో అర్థం కానిది అందులో వెతకడం మాత్రం వద్దు. నొటేషన్ వేరు, ఇండెక్సులు వేరు, గందరగోళం రెట్టింపవుతుంది.

లాంగ్వేజ్ విషయంలో నా అభిప్రాయం కొంచెం పాతకాలపుది. లింక్డ్ లిస్టులు, ట్రీలు కనీసం ఒక్కసారి సీలో రాయాలి. పాయింటర్ తప్పుగా కలిపితే ప్రోగ్రామ్ కుప్పకూలుతుంది, ఆ దెబ్బతో మెమరీ అంటే ఏమిటో తలకెక్కుతుంది. పైథాన్‌లో లిస్ట్ అని పిలిచేది నిజానికి తనంతట తాను పెరిగే అర్రే. అది తెలియకుండా దాన్ని లింక్డ్ లిస్ట్ అనుకునేవాళ్లు చాలామంది. మిగతావన్నీ, ముఖ్యంగా డైనమిక్ ప్రోగ్రామింగ్, గ్రాఫ్స్, పైథాన్‌లోనే హాయిగా చేసుకోవచ్చు. జావా వచ్చినవాళ్లు జావాలోనే ఉండిపోండి. లూపులు, ఫంక్షన్లు, అర్రేలు చూడకుండా రాయలేని స్థితిలో ఉంటే మాత్రం ఈ పుస్తకం ఒక నెల పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.

2. కావలసిన లెక్కలు

చాలా తక్కువ. లాగరిథమ్ అంటే ఇక్కడ ఒకటే అర్థం: ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేస్తే 1కి వస్తుంది? 10 లక్షలను దాదాపు 20 సార్లు సగం చేస్తే చాలు. రెండు మొత్తాలు తెలియాలి. 1 + 2 + 3 అంటూ ఎన్ వరకు కూడితే ఎన్ స్క్వేర్‌లో సుమారు సగం వస్తుంది. 1 + 2 + 4 + 8 అంటూ రెట్టింపవుతూ పోయే వరసలో, ఎంత కూడినా చివరి అంకెకు రెట్టింపు దాటదు.

మూడోది గణితానుగమనం. ఇంటర్‌లో చదివే ఉంటారు: 1కి నిజమని చూపించాలి, కే కి నిజమైతే కే ప్లస్ 1కీ నిజమని చూపించాలి. అప్పట్లో అది ఎందుకు చదువుతున్నామో ఎవరూ చెప్పలేదు. లూప్ సరిగ్గా పనిచేస్తుందని నిరూపించడానికి వాడేది దీన్నే. ఈ మూడూ ఒక ఆదివారం కూర్చుని గుర్తుచేసుకోండి. ప్రాబబిలిటీ, మ్యాట్రిక్సులు ఇప్పుడు అక్కర్లేదు.

3. ఏ వరసలో చదవాలి

చాప్టర్ల వరస రచయితల సౌకర్యం కోసం. మొదటిసారి చదివేవాళ్లకు ఇది నయం: ఇన్సర్షన్ సార్ట్, బైనరీ సెర్చ్, బిగ్ ఓ (ఇన్‌పుట్ పెరిగేకొద్దీ ఖర్చు ఎలా పెరుగుతుందో చెప్పే కొలత), మెర్జ్ సార్ట్. తర్వాత స్టాక్, క్యూ, లింక్డ్ లిస్ట్. తర్వాత హ్యాష్ టేబుల్స్, బైనరీ సెర్చ్ ట్రీ, హీప్. అక్కడి నుంచి క్విక్ సార్ట్. ఆపైన గ్రాఫ్స్, చివర్లో డైనమిక్ ప్రోగ్రామింగ్, గ్రీడీ.

రికరెన్సులు సాల్వ్ చేసే చాప్టర్‌లో మెర్జ్ సార్ట్‌కి కావలసినంత చదివి బయటపడండి. పాత పుస్తకాలు తెల్లబడేది అక్కడే. రెడ్ బ్లాక్ ట్రీలో (ఎత్తును అదుపులో ఉంచుకునే ఒక రకం ట్రీ) డిలీషన్ మొదటి రౌండులో ముట్టుకోవద్దు. నక్షత్రం గుర్తు ఉన్న సెక్షన్లన్నీ దాటేయండి, ఆ గుర్తు పెట్టింది అందుకే.

4. ఒక్క ఆల్గారిథమ్, మొదటి నుంచి చివరి దాకా

పద్ధతి అంతా ఇక్కడే ఉంది. ఇన్సర్షన్ సార్ట్ తీసుకుందాం. సులువైనది కదా అని తొందరపడొద్దు, సులువైనదాని మీద అలవాటు చేసుకున్న పద్ధతే కష్టమైనదాని దగ్గర పనికొస్తుంది.

ముందు పుస్తకంలో వివరణ ఒకసారి చదవండి. సూడోకోడ్ దగ్గర ఆగండి. అది ఇలా ఉంటుంది:

ఐ = 1 నుంచి పొడవు − 1 వరకు:
— విలువ = అ[ఐ]
— జే = ఐ − 1
— జే ≥ 0, అ[జే] > విలువ, రెండూ నిజమైనంతసేపు:
—— అ[జే + 1] = అ[జే]
—— జే = జే − 1
— అ[జే + 1] = విలువ

ఇప్పుడు డ్రై రన్. పుస్తకంలో ఇచ్చిన అంకెలు వాడకండి, బొమ్మ చూసి కాపీ కొట్టేస్తారు. మీ అంకెలు తీసుకోండి. 7, 3, 9, 4, 1 అనుకుందాం. కాగితం మీద ప్రతి రౌండు తర్వాత అర్రే ఎలా ఉందో ఒక వరసలో రాయండి.

మొదట: 7 3 9 4 1
ఐ = 1 తర్వాత: 3 7 9 4 1, ఒక్కటి జరిగింది
ఐ = 2 తర్వాత: 3 7 9 4 1, ఏదీ జరగలేదు
ఐ = 3 తర్వాత: 3 4 7 9 1, రెండు జరిగాయి
ఐ = 4 తర్వాత: 1 3 4 7 9, నాలుగు జరిగాయి

మొత్తం ఏడు జరుపుళ్లు. ఇక్కడ ఒక నిమిషం ఆగి మొదటి వరసను మళ్లీ చూడండి. పెద్దది ముందు, చిన్నది వెనక ఉన్న జతలు ఎన్ని? 7-3, 7-4, 7-1, 3-1, 9-4, 9-1, 4-1. ఏడు! ఇది కాకతాళీయం కాదు. ఒక్కో జరుపుడు సరిగ్గా ఒక్కో తప్పు జతను సరిచేస్తుంది. అంటే దాదాపు సార్ట్ అయిపోయిన డేటా ఇస్తే ఇన్సర్షన్ సార్ట్ చకచకా అయిపోతుంది, తలకిందులుగా ఇస్తే నానా తంటాలు పడుతుంది. ఈ సంగతి ఒకసారి చేత్తో పట్టుకుంటే బెస్ట్ కేస్, వర్స్ట్ కేస్ అని విడిగా బట్టీ పట్టక్కర్లేదు.

తర్వాత ఇన్వేరియంట్. పైన రాసిన వరసలు పై నుంచి కిందికి చూస్తూ ఒక ప్రశ్న వేసుకోండి: ప్రతి రౌండు మొదలయ్యేటప్పుడు ఏ మాట ఎప్పుడూ నిజంగా ఉంటోంది? ఐకి ఎడమవైపు ఉన్నవన్నీ మొదట అక్కడ ఉన్న అంకెలే, ఇప్పుడు క్రమంలో ఉన్నాయి. అంతే. దీన్ని తెలుగులోనే, మీ మాటల్లోనే రాయండి. ఇప్పుడు మూడు ప్రశ్నలు. లూప్ మొదలయ్యే ముందు నిజమేనా? ఎడమవైపు ఒక్కటే ఉంది, కాబట్టి నిజమే. ఒక రౌండు ముందు నిజమైతే ఆ రౌండు తర్వాత నిజమేనా? లోపలి లూప్ పెద్దవాటిని ఒక్కో అడుగు కుడికి జరిపి, ఖాళీలో విలువను పెట్టింది, కాబట్టి నిజమే. లూప్ ఆగేటప్పటికి? ఐ అర్రే చివర దాటింది, అంటే ఎడమవైపు అంటే మొత్తం అర్రే. పని అయిపోయింది. గణితానుగమనం ఇదే, బట్టలు మార్చుకుని వచ్చింది.

చాలామంది "క్రమంలో ఉన్నాయి" అని మాత్రమే రాస్తారు, "మొదట అక్కడ ఉన్న అంకెలే" అన్న ముక్క వదిలేస్తారు. అర్రే అంతా సున్నాలతో నింపేసే ప్రోగ్రామ్ కూడా క్రమంలో ఉన్న అర్రేనే ఇస్తుంది కదా! ఆ ముక్క అందుకు.

ఇప్పుడు పుస్తకం మూసేసి కోడ్ రాయండి. గుర్తు రాకపోతే సూడోకోడ్ చూడొద్దు, మీరు రాసుకున్న ఇన్వేరియంట్ చూడండి. కోడ్ అందులోంచి పుడుతుంది. ఇంకో జాగ్రత్త ఉంది. కోర్మెన్‌లాంటి పుస్తకాల్లో అర్రే ఎక్కువగా 1 నుంచి మొదలవుతుంది, మీ లాంగ్వేజ్‌లో 0 నుంచి. పుస్తకంలో జే > 0 అని ఉన్నదాన్ని అలాగే దింపితే మొదటి ఎలిమెంట్‌ను ఎవరూ ముట్టుకోరు. పై అంకెలతో 7 1 3 4 9 వస్తుంది. చూడటానికి ముప్పావు వంతు సరిగ్గానే ఉంటుంది, అందుకే పట్టుకోవడం కష్టం.

కోడ్ నడిచాక దాన్ని పాడుచేయండి. > తీసి ≥ పెట్టండి. సార్ట్ అవుతూనే ఉంటుంది, కానీ సమానమైనవాటి మధ్య పాత వరస పోతుంది. పేర్ల క్రమంలో ఉన్న విద్యార్థుల లిస్టును మార్కులను బట్టి సార్ట్ చేసి చూస్తే తేడా తెలుస్తుంది. జే ≥ 0 అన్న చెక్‌ను రెండో స్థానానికి మార్చండి. జావా ఎక్సెప్షన్ విసురుతుంది. సీలో ఏమవుతుందో చెప్పలేం. పైథాన్‌లో మైనస్ 1 అంటే చివరి ఎలిమెంట్ కాబట్టి చప్పుడు చేయకుండా పోతుంది. షరతుల వరస ఎందుకు ముఖ్యమో ఏ నోట్స్ కన్నా ఇదే బాగా చెబుతుంది.

చివరగా టెస్ట్. ఖాళీ అర్రే, ఒక్క ఎలిమెంట్, అన్నీ సమానం, ముందే సార్ట్ అయినది, తలకిందులుగా ఉన్నది. ఆపైన రాండమ్‌గా వెయ్యి చిన్న అర్రేలు తయారుచేసి, మీ జవాబునూ లాంగ్వేజ్‌లో ఉన్న సార్ట్ జవాబునూ పోల్చే పది లైన్ల ప్రోగ్రామ్ రాసుకోండి. ఆ పది లైన్లు పుస్తకం అయ్యేదాకా పనికొస్తాయి.

5. బైనరీ సెర్చ్ దగ్గర ఆగి చూడండి

ఇది అందరికీ వచ్చనుకునే ఆల్గారిథమ్. చూడకుండా రాయమంటే మాత్రం మొదటిసారే తప్పు లేకుండా రాసేవాళ్లు తక్కువ. అర్రేలో రెండే ఉన్నాయి, 10, 20. మనం 20 కోసం వెతుకుతున్నాం. ఎడమ = 0, కుడి = 1. మధ్య = 0. అక్కడ 10 ఉంది, అది చిన్నది, కాబట్టి కుడివైపుకి పోవాలి. ఇక్కడ ఎడమ = మధ్య అని రాశారనుకోండి. ఎడమ మళ్లీ 0. మధ్య మళ్లీ 0. ప్రోగ్రామ్ తిరుగుతూనే ఉంటుంది. ఎడమ = మధ్య + 1 అని ఉండాలి.

ప్లస్ 1 ఎక్కడ పెట్టాలో బట్టీ పట్టేవాళ్లు పరీక్ష హాల్లో తడబడతారు. ఇన్వేరియంట్ రాసుకున్నవాళ్లకు ఆ బాధ ఉండదు: "వెతికేది అర్రేలో ఉంటే, అది ఎడమ నుంచి కుడి వరకు, రెండు చివరలతో సహా, ఆ మధ్యలోనే ఉంది." మధ్యలో ఉన్నది కాదని తేలిపోయాక దాన్ని మళ్లీ ఆ పరిధిలో ఎందుకు ఉంచుతారు? ప్లస్ 1 తనంతట అదే వస్తుంది. పరిధిలో ఒక్కటే మిగిలినా చూడాలి కాబట్టి లూప్ షరతు ఎడమ ≤ కుడి అవ్వాలని కూడా ఆ వాక్యమే చెబుతుంది. కుడి చివరను కలపని పద్ధతిలో రాస్తే అన్నీ మారతాయి. రెండు పద్ధతులూ సరైనవే, రెండూ కలిపితేనే గొడవ.

ఇన్ని చూసుకున్నా ఇంకోటి మిగిలే ఉంటుంది. మధ్య = (ఎడమ + కుడి) / 2 అన్న లైను జావా స్టాండర్డ్ లైబ్రరీలో ఏళ్ల తరబడి ఉంది. అది తప్పని 2006లో జాషువా బ్లాక్ బయటపెట్టాడు, ఆ లైబ్రరీ కోడ్ రాసింది కూడా ఆయనే. 32 బిట్ల ఇంట్‌లో పట్టే పెద్ద సంఖ్య 2,147,483,647. అర్రేలో 107 కోట్లకు పైగా ఎలిమెంట్లు ఉంటే ఎడమ, కుడి కలిసి దాన్ని దాటిపోవచ్చు, అప్పుడు మధ్య నెగటివ్ అవుతుంది. ఎడమ + (కుడి − ఎడమ) / 2 అని రాస్తే సమస్య లేదు. పైథాన్‌లో పూర్ణాంకాలకు హద్దు లేదు కాబట్టి ఇది కనిపించదు. సీ, జావా రాసేవాళ్లు ఇప్పటినుంచే అలా అలవాటు చేసుకోండి.

6. ఖర్చును కాగితం మీదా, గడియారం మీదా చూడండి

బిగ్ ఓ ఒక ఫార్ములా లాగా మిగిలిపోకుండా ఉండాలంటే ఒక చిన్న ప్రయోగం చాలు. మీ ఇన్సర్షన్ సార్ట్‌కి 5,000 రాండమ్ అంకెలు ఇచ్చి టైమ్ చూడండి. తర్వాత 10,000, తర్వాత 20,000. ఇన్‌పుట్ రెట్టింపైన ప్రతిసారీ టైమ్ సుమారు నాలుగు రెట్లవుతుంది. మెర్జ్ సార్ట్‌కి రెండు రెట్లకు కొంచెం పైన. ఎన్ స్క్వేర్, ఎన్ లాగ్ ఎన్ అంటే కళ్లముందు కనిపించేది అదే.

లక్ష అంకెలకు లెక్క వేయండి. ఇన్సర్షన్ సార్ట్ సగటున సుమారు 250 కోట్ల జరుపుళ్లు చేస్తుంది. మెర్జ్ సార్ట్ పని లక్ష ఇంటూ 17, అంటే 17 లక్షల దగ్గర. అలాగని ఇన్సర్షన్ సార్ట్ పనికిరానిదేం కాదు. 2002లో టిమ్ పీటర్స్ పైథాన్ కోసం రాసిన టిమ్‌సార్ట్ చిన్న ముక్కలను ఒక రకం ఇన్సర్షన్ సార్ట్‌తోనే సరిచేసి, తర్వాత మెర్జ్ చేస్తుంది. బిగ్ ఓ పెద్ద ఎన్ గురించి మాట్లాడుతుంది, 30 ఎలిమెంట్ల గురించి కాదు.

క్విక్ సార్ట్‌కి వచ్చేసరికి ఈ ప్రయోగం ఇంకా రుచిగా ఉంటుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1961లో ప్రచురించిన ఈ ఆల్గారిథమ్ మామూలుగా చాలా వేగం. కానీ చివరి ఎలిమెంట్‌ను పివట్‌గా (మిగతావాటిని చిన్నవి, పెద్దవి అని విడగొట్టడానికి వాడే ఎలిమెంట్‌గా) తీసుకునే పాఠ్యపుస్తక వెర్షన్‌కి ముందే సార్ట్ అయిన లక్ష అంకెలు ఇస్తే సుమారు 500 కోట్ల పోలికలు చేయాల్సి వస్తుంది, అది కూడా రికర్షన్ (ఫంక్షన్ తననే మళ్లీ పిలుచుకోవడం) లోతుకి స్టాక్ తట్టుకుంటే. పైథాన్‌లో రికర్షన్ హద్దు మామూలుగా 1,000 కాబట్టి ముందే చేతులెత్తేస్తుంది. పివట్‌ను రాండమ్‌గా తీసుకుని మళ్లీ నడపండి. తర్వాత అన్నీ సమానమైన అంకెలు ఇవ్వండి. రాండమ్ పివట్ కూడా ఎందుకు ఆదుకోలేదో కనుక్కోండి. మంచి ఎక్సర్‌సైజ్ ఇది, జవాబు ఇక్కడ చెప్పను.

7. డేటా స్ట్రక్చర్ అంటే ఒక ధరల పట్టిక

ప్రతి స్ట్రక్చర్‌కీ నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించి నాలుగు గళ్లు గీయండి: వెతకడం, చేర్చడం, తీసేయడం, క్రమంలో చదవడం. ఒక్కోదాని ఖర్చు రాయండి. ఖర్చు పక్కనే ఎందుకో ఒక్క వాక్యం. ఆ వాక్యం రాయలేకపోతే ఆ సెక్షన్ మళ్లీ చదవాలన్నమాట.

లింక్డ్ లిస్ట్‌కి బొమ్మ లేకుండా ఒక్క లైను కూడా రాయకండి. డబ్బాలు, బాణాలు. మధ్యలో కొత్త నోడ్ చేర్చేటప్పుడు, ముందు కొత్త నోడ్ నుంచి తర్వాతి నోడ్‌కి బాణం, ఆ తర్వాతే పాత నోడ్ నుంచి కొత్తదానికి. వరస మార్చి బొమ్మ గీసి చూడండి, మిగతా లిస్టంతా చేతికందకుండా పోతుంది.

పెరిగే అర్రే గురించి పుస్తకాలు చాలా వెనక, అమార్టైజ్డ్ అనాలిసిస్ అన్న భయపెట్టే పేరుతో చెబుతాయి. చేత్తో చేస్తే ఐదు నిమిషాల పని. నిండిన ప్రతిసారీ ఒక్క గది పెంచితే, 16 ఎలిమెంట్లు చేర్చేసరికి 1 + 2 + … + 15 = 120 కాపీలు. రెట్టింపు చేస్తూ పోతే 1 + 2 + 4 + 8 = 15 మాత్రమే. లెక్కల సెక్షన్‌లో చూసిన రెండు మొత్తాలూ ఇవే.

బైనరీ సెర్చ్ ట్రీలోకి 1 నుంచి 1,000 వరకు వరసగా వేసి ఎత్తు కొలవండి. ట్రీ కాదు, వెయ్యి నోడ్ల తాడు తయారవుతుంది. సమంగా ఉంటే పది అంతస్తుల్లో సరిపోయేది. తనంతట తాను సమంగా సర్దుకునే ఏవీఎల్ ట్రీని 1962లో కనిపెట్టింది ఈ జబ్బుకే. రొటేషన్ అంటే ఏమిటో అర్థమయ్యాక రెడ్ బ్లాక్ ట్రీ రూల్స్ చదివి, ఎత్తు ఎందుకు హద్దులో ఉంటుందో తెలుసుకుని, ప్రస్తుతానికి వదిలేయండి. ఇది ఎవరికి కావాలి అనిపిస్తే, జావా 8 నుంచి హ్యాష్‌మ్యాప్ ఒకే బకెట్‌లో ఎంట్రీలు మరీ పేరుకుపోతే ఆ బకెట్‌ను రెడ్ బ్లాక్ ట్రీగా మారుస్తుంది. హ్యాష్ టేబుల్లో వెతకడం ఎప్పుడూ ఒకే టైమ్‌లో అవుతుందని రాసేవాళ్లు ఆ మార్పు ఎందుకు అవసరమైందో ఆలోచించాలి.

8. గ్రాఫ్స్

ఇక్కడ కొత్త కష్టం తక్కువే. బ్రెడ్త్ ఫస్ట్ అంటే క్యూ, డెప్త్ ఫస్ట్ అంటే స్టాక్, డైక్‌స్ట్రా అంటే హీప్. ముందు చాప్టర్లు చేత్తో చేసినవాళ్లకు ఇవి త్వరగా లొంగుతాయి. డైక్‌స్ట్రా ఆల్గారిథమ్ 1959లో అచ్చయింది. నెగటివ్ ఎడ్జ్‌లు ఉంటే పనిచేయదని అన్ని నోట్సుల్లోనూ ఉంటుంది. నమ్మకండి, చేసి చూడండి. ఏ నుంచి బీకి 2, ఏ నుంచి సీకి 5, సీ నుంచి బీకి మైనస్ 4. ఆల్గారిథమ్ బీని 2 దగ్గర ఖాయం చేసేస్తుంది. సీ మీదుగా వెళ్తే 1. "ఒకసారి ఖాయం చేసినదాని దూరం ఇక తగ్గదు" అన్న ఇన్వేరియంట్ ఏ లైను దగ్గర విరిగిందో వేలు పెట్టి చూపించగలిగితే ఆ చాప్టర్ వచ్చినట్టే.

9. డైనమిక్ ప్రోగ్రామింగ్

పేరు చూసి భయపడేవాళ్లే ఎక్కువ. ఫిబొనాచీ రికర్షన్‌లో కౌంటర్ పెట్టి 40వ సంఖ్య అడగండి, ఫంక్షన్‌ను 33,11,60,281 సార్లు పిలుస్తుంది. ఒకసారి వచ్చిన జవాబును అర్రేలో దాచుకుంటే కొత్తగా లెక్కకట్టాల్సినవి నలభై చిల్లర. మిగతా చాప్టరంతా, ఏది దాచుకోవాలి అన్న ప్రశ్న.

చిల్లర సమస్య మీద చెయ్యి తిప్పుకోండి. మన 1, 2, 5, 10, 20లతో అయితే పెద్దది ముందు ఇచ్చుకుంటూ పోతే చాలు, గ్రీడీ పద్ధతి తప్పు జవాబు ఇవ్వదు. నాణేలు 1, 7, 10 మాత్రమే ఉన్నాయనుకోండి, 14 ఇవ్వాలి. గ్రీడీ 10 ఇచ్చి నాలుగు 1లు ఇస్తుంది, ఐదు నాణేలు. రెండు 7లు సరిపోయేవి. ఇప్పుడు కోడ్ కన్నా ముందు, తెలుగులో ఒక వాక్యం రాయండి: "చిల్లర[మొత్తం] అంటే ఆ మొత్తానికి కావలసిన కనీస నాణేలు." ఆ తర్వాత, చివర ఇచ్చిన నాణెం 1 అయితే మిగతా మొత్తానికి ఎన్ని, 7 అయితే ఎన్ని, 10 అయితే ఎన్ని, వాటిలో తక్కువది తీసుకుని 1 కలపాలి. 0 నుంచి 14 వరకు పట్టిక చేత్తో నింపండి. ఆ మొదటి వాక్యం స్పష్టంగా లేకుండా పట్టిక మొదలుపెట్టిన ప్రతి సమస్యా సగంలో చిక్కుపడుతుంది.

10. ఎక్సర్‌సైజులతో ఎలా పడాలి

అన్నీ చేయాలని పట్టుబడితే పుస్తకం పూర్తి కాదు. ప్రతి సెక్షన్‌లో ఒక డ్రై రన్ రకం, ఒక "ఎందుకు" రకం, ఒక కోడ్ రకం ఎంచుకోండి. "ఎందుకు" రకం ప్రశ్నలే అసలైనవి. వాటిని కాగితం మీద పూర్తి వాక్యాల్లో రాయాలి, తలలో అనుకుంటే కుదరదు.

ఒకదాని దగ్గర ఇరుక్కుంటే ముప్పావుగంట గింజుకోండి. ఎన్ = 2, ఎన్ = 3 పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే జవాబులోని మొదటి రెండు లైన్లు మాత్రం చూసి మళ్లీ మూసేయండి. కోర్మెన్‌కి కొన్ని జవాబులు ప్రచురణకర్తల దగ్గరే దొరుకుతాయి. నెట్‌లో తిరిగే మిగతావాటిలో తప్పులుంటాయి, మీ టెస్ట్ ప్రోగ్రామ్‌తో సరిచూడండి. ఏఐ చాట్‌ను కోడ్ అడిగితే నిమిషంలో ఇస్తుంది, మీకు మిగిలేదేమీ ఉండదు. దానికి మీ నిరూపణ ఇచ్చి, ఇది విరిగిపోయే ఇన్‌పుట్ ఒకటి చెప్పమనండి. అది చెప్పినదాన్ని మళ్లీ మీరే డ్రై రన్ చేయండి. జవాబు చూసి చేసిన ప్రతిదానికీ తేదీ వేసి, వారం తర్వాత ఏమీ చూడకుండా మళ్లీ చేయండి.

ఇంగ్లిష్ బరువనిపిస్తే, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు, ప్రతి పేరానూ అనువదించుకునే శ్రమ పెట్టుకోవద్దు. సూడోకోడ్, బొమ్మ ముందు చూసి, డ్రై రన్ చేసి, ఆ తర్వాత పేరా చదవండి. ఏం జరుగుతోందో ముందే తెలుసు కాబట్టి వాక్యాలు వాటంతట అవే విడిపోతాయి. రూమ్‌మేట్‌కి తెలుగులో చెప్పి చూడండి. వాడు "అదెలా?" అని అడిగిన చోటే మీకూ తెలియనిది ఉంటుంది.

11. రెండో రౌండు

రోజుకి గంటన్నర ఇస్తే మొదటి రౌండు ఒక సెమిస్టర్‌లో అవుతుంది. గేట్ రాసేవాళ్లు ఇక్కడినుంచి పాత పేపర్లకు పోవచ్చు, ప్లేస్‌మెంట్స్‌వాళ్లు ఆన్‌లైన్ సమస్యలకు. పుస్తకం అవ్వకముందే అక్కడికి పోతే ఒక్కో సమస్యకి ఒక్కో చిట్కా పోగేసుకుంటూ కూర్చోవడమే అవుతుంది.

వదిలేసినవాటిలో ముందు రెడ్ బ్లాక్ ట్రీ డిలీషన్ తీయండి. పుస్తకంలోని కేసులు చదివే ముందే ఒక చెకర్ ఫంక్షన్ రాయండి. రూట్ నలుపేనా, ఎరుపు నోడ్‌కి ఎరుపు పిల్ల ఉందా, ప్రతి దారిలోనూ నల్ల నోడ్లు సమానంగా ఉన్నాయా, విలువలు క్రమంలో ఉన్నాయా అని మొత్తం ట్రీ తిరిగి చూసి, తేడా ఉంటే అక్కడే ఆపేయాలి. రాండమ్‌గా పదివేల ఇన్సర్షన్లు, డిలీషన్లు కలగలిపి నడిపించి, ఒక్కోదాని తర్వాత చెకర్‌ను పిలవండి. ఆగిన చోట, అదే సీడ్‌తో (రాండమ్ అంకెలు మళ్లీ అవే వచ్చేలా ఇచ్చే సంఖ్యతో) విలువలు తగ్గించుకుంటూ, ఏడెనిమిది నోడ్లలోనే ఆ తప్పు వచ్చేదాకా తీసుకురండి. ఆ చిన్న ట్రీని కాగితం మీద గీసి, పుస్తకంలో ఏ కేసు మీరు తప్పుగా దింపారో అప్పుడు వెతకండి.